ఎర్రగడ్డ సమాసం

దుకాణాల బోర్డుల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. మా వీధి చివర మంగలి షాపు బోర్డు మీద క్షవరానికి ఉండవలసిన వత్తు ఊడిపోయి, చాలాకాలంగా అక్కడ 'కవరము చేయబడును' అని ఉంది. దాని పక్కనున్న హోటలువాళ్ళు 'బోజనము' వడ్డిస్తున్నారు. తిని బయటికి వచ్చేవాళ్ళ ముఖాల్లో లోటేమీ కనబడదు. నాకు మాత్రం ఆ బ కింద చిన్న గీత పడేదాకా లోపలికి పోబుద్ధి కాదు. ఇది జబ్బు అంటారు మా ఇంట్లోవాళ్ళు. జబ్బే. తండ్రి ఆస్తిలో నా వాటాకు వచ్చింది అదొకటే.

మా నాయన గిద్దలూరులో తెలుగు పండితుడు. బోర్డులు రాసేవాడు ఇంకా నిచ్చెన మీద ఉండగానే కింద నిలబడి తప్పు చెప్పేవాడు. అందుకని ఊళ్ళో పెయింటర్లు వీధి మలుపులో నాయన గొడుగు కనబడగానే కిందికి దిగి, బీడీ ముట్టించుకుని, ఆయన దాటిపోయేదాకా విశ్రాంతి తీసుకునేవారు. తప్పు మాట చెవిన పడితే ఆయనకు ఆ పూట అన్నం సయించదని అమ్మ చెప్పేది. ఊరి భాష ఎట్లా ఉండేదో దానికి తగ్గట్టే నాయన సన్నగా ఉండేవాడు.

అవి ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. కర్నూలు తన రాజధాని హోదాను హైదరాబాదుకు అప్పజెప్పి, మళ్ళీ మామూలు ఊరుగా బతకడం ఎలాగో నేర్చుకుంటోంది. గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లాలోదే. నేను కర్నూలు కాలేజీలో బి.ఎ. చదువుతున్నాను. కనీసం మా ఇంట్లో అలా అనుకునేవారు.

నాయనకు ఉన్న ఒకే ఒక విలాసం, సాయంత్రం పూట స్టేషనుకు నడిచిపోవడం. బండిని చూసి చేతిగడియారం సరిచేసుకుని వస్తాననేవాడు. ఆ మీటరుగేజి బండి వేళకు వచ్చిన పాపాన పోలేదు. నల్లమల సొరంగంలోంచి అది ఎప్పుడు బయటపడితే అప్పుడే సాయంత్రం. దాన్ని బట్టి గడియారం తిప్పుకునే మనిషికి టైము ఎంత తెలుస్తుందో ఆలోచించవలసిన విషయమే. మా ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. పండితుడి పనులు పండితుడికే తెలుస్తాయని వదిలేశాం.

వేసవి ముందర ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. టెలిగ్రాం అందుకుని నేను వచ్చేసరికి మంచానికి, మనిషికి పెద్ద తేడా కనబడలేదు. నడవలో, గోడవారగా నులకమంచం. పైకప్పులో ఒకచోట పెంకుకు బదులు గాజుపలక వేసి ఉండేది. దానిగుండా దిగిన ఎండ పొద్దున నాయన పాదాల దగ్గర మొదలై, మధ్యాహ్నానికి గుండెల మీదికి పాకి, సాయంత్రానికి గోడెక్కి మాయమయ్యేది. నేను పక్కన చాప మీద పడుకుని ఆ వెలుతురునే చూసేవాణ్ణి. అందులో దుమ్ము మెల్లగా తేలుతుండేది. యూకలిప్టస్ నూనె వాసన, తడిగుడ్డ వాసన, వంటింట్లో ఏదో ఉడుకుతున్న చప్పుడు. నిద్రకూ మెలకువకూ మధ్య గడప ఎక్కడుందో తెలియని రోజులవి. ఇంట్లో జబ్బు ఒక్కరికే అయినా, అందరం ఆ జ్వరంలోనే తిరుగుతున్నట్టు ఉండేది. దూరంగా బండి కూత వినబడితే నాయన కనురెప్పలు కొంచెం కదిలేవి. గడియారం సంగతి గుర్తొచ్చిందేమో అనుకునేవాణ్ణి.

చివరికి జ్వరం దిగింది. ఆకలి మాత్రం తిరిగి రాలేదు. అమ్మ పెసరకట్టు చేసింది. మిరియాల చారు కాచి, అన్నం మెత్తగా పిసికి, గోరుముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. పాత చింతకాయ పచ్చడి నాలుకకు రాసి చూసింది. బార్లీ, రాగిజావ, మజ్జిగ తేట, అన్నీ వరసగా వచ్చి, వరసగా వెనక్కి పోయాయి. నాయన వద్దనేవాడు కాదు. పెదవులు మూసుకునేవాడు, అంతే. అమ్మ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడేది, లోపల ఎవరో పలికి తలుపు తీస్తారని కాచుకున్నట్టు.

డాక్టరు వచ్చి నాడి చూసి, కళ్ళు చూసి, నన్ను వాకిట్లోకి పిలిచాడు. ఆయన మాటల్లో పొదుపరి.

"ఇంక మందుల్తో పనిలేదు. తింటే లేస్తాడు. తినకుంటే ఈ ఎండాకాలం దాటడు. నోరు తెరిచి ఏది అడిగితే అది పెట్టండి, పథ్యం గిత్యం చూడొద్దు. అడగాల, అంతే."

ఈ మాట అమ్మకు చెప్పాను, మధ్యలో ఉన్న ముక్క ఒకటి మింగి. ఆమె దాన్ని నా ముఖంలో చదువుకున్నట్టే ఉంది. ఆ రోజునుంచి మేమంతా నాయన నోటికేసి చూస్తూ కూర్చున్నాం.

నాయన అడిగాడు. కాకపోతే మాకు అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం, ఎండముక్క గుండెల మీద ఉన్న వేళ, కళ్ళు మూసుకునే నెమ్మదిగా అన్నాడు. "ఎర్రగడ్డ సమాసం."

మా ఇంట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ గడప దాటవు. ఉల్లిని, వెల్లుల్లిని మా దిక్కున అట్లా అంటారు. వాటిని వండకపోవడమే కాదు, మా అవ్వ బతికున్నన్నాళ్ళూ వాటి పేర్లు కూడా ఇంట్లో పైకి అనేవాళ్ళం కాదు. అందువల్ల ఆ మాట వినగానే కూరగాయ ఎవరికీ తోచలేదు. ఎవరికి తోచింది వాళ్ళకు తోచింది.

అవ్వకు, అంటే నాయన తల్లికి, అర్ధవీడు దిక్కున మా ముత్తాత కాలంలో చేజారిపోయిన చేను గుర్తొచ్చింది. ఎర్రనేల, కొంచెం మెరక, దాని పేరే ఎర్రగడ్డ. పోయిన భూమి బిడ్డను పిలుస్తాందని ఆమె కంటనీరు పెట్టుకుంది. ఆ ఊరినుంచి బస్సులో వస్తున్న బంధువు ఒకాయన చేత ఆ చేలో పిడికెడు మన్ను తెప్పించి, తడిపి నాయన నుదుట బొట్టు పెట్టింది. నాయన దాన్ని తుడుచుకున్నాడు.

అమ్మకు బడి గుర్తొచ్చింది. ఒంట్లో శక్తి లేకున్నా పాఠం పోలేదు చూడు అంది, గర్వం పాలు కొంచెం, భయం పాలు ఎక్కువగా.

నాకు పరీక్ష గుర్తొచ్చింది. చిన్నప్పటినుంచి నాయన నాతో మాట్లాడిన మాటల్లో సగం విగ్రహవాక్యం చెప్పమని అడిగినవే. మంచం దగ్గరికి జరిగి స్పష్టంగా చెప్పాను. "ఎర్రనైన గడ్డ. విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం." నాయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నా ఇంటరు ఫలితాలు వచ్చిన రోజున కూడా ఆయన అంత నిరాశగా చూడలేదు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఈ సంగతి బడికి చేరింది. హెడ్మాస్టరు వచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని, స్వయంగా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మరుసటి పూట ఎస్సెల్సీ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళు కిటికీ బయట వరసగా నిలబడి సమాసాలన్నీ అప్పజెప్పారు. రాముడును లక్ష్మణుడును రామలక్ష్మణులు, ద్వంద్వ సమాసం. చక్రము పాణియందు గలవాడు చక్రపాణి, బహువ్రీహి. ఆ గొంతులన్నీ కలిసి పెంకుల మీద వాన పడుతున్నట్టు ఉంది. ఆ వానలో నాకు కూడా మగత కమ్మింది. నాయన మెల్లగా రెండు చేతులూ ఎత్తి చెవుల మీద పెట్టుకున్నాడు. హెడ్మాస్టరు దాన్ని నమస్కారంగా తీసుకున్నారు.

ఆ తర్వాత నాయన ఆ మాట కూడా అనడం మానేశాడు.

కొనకనమిట్ల నుంచి చూడవచ్చిన మా మామ, అమ్మకు అన్న, వెళ్ళిపోతుంటే సంచి పట్టుకుని స్టేషనుదాకా పోయాను. బండి రాలేదు. బెంచీ మీద కూర్చున్నాం. పడమటి కొండలు నీలంగా, తడి ఆరని సిరా మరకలాగా ఉన్నాయి. మామ చాలాసేపు వాటినే చూసి, ఇంటికి పెద్దకొడుకువి ధైర్యంగా ఉండాల అన్నాడు. నా చెల్లెళ్ళ పెళ్ళిళ్ళ సంగతి అడిగాడు. కాలేజీ మానుకుంటే ఏ ఉద్యోగం దొరుకుతుందో తనకు తెలిసినంతలో చెప్పాడు. మంచి మనిషి. నాయన అప్పటికే పోయినట్టు, మేమిద్దరం అక్కణ్ణుంచే వస్తున్నట్టు మాట్లాడాడు. నేను అట్లాగే అన్నాను.

బండి వచ్చింది. ఇంజను పొగ ప్లాట్‌ఫారం మీదికి దిగి, మనుషుల కాళ్ళను, మూటలను, కూజాలను ఒకటొకటిగా చెరిపేసింది. మామ ఏదో పెట్టెలోకి ఎక్కాడు. ఎక్కడో చీకటిలాంటి ఆ పొగలోంచి, కమ్మగా, కొంచెం ఘాటుగా, కాగిన నూనె వాసన వచ్చింది. దాని వెంట ఒక గొంతు.

"సమాసే... గరం గరం ఎర్రగడ్డ సమాసే..."

నేను కదలలేదు. పొగ పల్చబడింది. తెల్లగడ్డం సాయిబు ఒకాయన తలమీద రేకుపళ్ళెంతో కిటికీ వెంట కిటికీ నడుస్తున్నాడు. పళ్ళెం నిండా మూడుమూలల పొట్లాల్లాంటివి, పల్చటి పొరతో, ఒళ్ళంతా చిన్న చిన్న బుడగలతో, తేనెరంగులో. ప్రయాణికులు చేతులు బయటికి పెట్టి, ఏమాత్రం సంకోచం లేకుండా, రెండు సమాసాలియ్యి, నాలుగు సమాసాలియ్యి అని అడుగుతున్నారు. వ్యాకరణానికి అంత గిరాకీ నేను ఏ కాలేజీలోనూ చూడలేదు.

బండి కదిలిపోయాక సాయిబు దగ్గరికి పోయాను. ఈ పేరు ఏంది తాతా అని అడిగాను. ఆయన నా ముఖం పరీక్షగా చూశాడు.

"నువ్వు పంతులు కొడుకువి కదూ. అదే ముక్కు. పంతులు ఏడి? శానా దినాలాయె, రావడం లేదు."

జబ్బు సంగతి చెప్పాను. ఆయన పళ్ళెం దించి బెంచీ మీద పెట్టాడు.

"అల్లా. ఈ పేరు పెట్టిందే మీ నాయన గదప్పా. మేం మా మాటలో సమోసా అంటాం. తెలుగులో అది తప్పు సాయిబూ, సమాసం అనాల అని చెప్పినాడు. అంత సదువుకున్నాయన చెప్పినాడని అప్పట్నుంచి అట్లనే అరుస్తుండా. ఈ బండ్లో పోయేటోళ్ళంతా అదే అంటారు ఇప్పుడు."

నేను బెంచీ మీద కూర్చున్నాను. బోర్డు మీద ఒక్క వత్తు పోతే అన్నం మానేసే మనిషి, పనిగట్టుకుని ఒక ఊరి ప్లాట్‌ఫారానికంతా తప్పు మాట నేర్పాడు. అది రోజూ సాయంత్రం వినడానికి మైలు దూరం నడిచి వచ్చాడు. ఇంట్లో ఒక్కరితో చెప్పుకోకుండా, ఆ నవ్వును ఇన్నాళ్ళు ఒక్కడే దాచుకు తిన్నాడు. నాయన హాస్యం ఎరగడని ఆ రోజుదాకా నా గట్టి నమ్మకం.

నవ్వునే కాదు, సమాసాలను కూడా. సాయిబు చూపించాడు, ఇంజనుకు నీళ్ళు పట్టే గొట్టం వెనకాల ఒక రాతిదిమ్మె. అక్కడ కొండల దిక్కు తిరిగి నిలబడతాడట. చూసినవాళ్ళు పంతులు ప్రకృతిని చూస్తున్నాడనుకుని పక్కనుంచి పోతారట. మాంసం కైమా పెట్టినవి వేయించే బాణలి వేరేనా అని మొదటిరోజే అడిగాడట. ఇంటికి వచ్చి చూసుకో పంతులూ అంటే నిజంగానే పోయి, చూసి, అప్పుడు తిన్నాడట. తిన్నాక కొళాయి దగ్గర నోరు పుక్కిలించి, లవంగం నములుతూ, గడియారం తిప్పుకుంటూ ఇంటిదారి పట్టేవాడట.

సాయిబు నా చేతిలో ఒకటి పెట్టాడు. మూల విరిస్తే లోపలినుంచి వెచ్చటి ఊపిరి ఒకటి బయటికి వచ్చింది. సగం గాలే. మిగిలిన సగం సన్నగా తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిరప, కాస్త కొత్తిమీర. పొర పళ్ళకింద పొడి ఆకులా విరిగింది. ఎర్రగడ్డ నాకు కొత్త కాదు, హాస్టల్లో అలవాటైంది. కాలేజీ నాకు గట్టిగా నేర్పింది అదొకటే. కానీ ఆ సాయంత్రం, ఖాళీ పట్టాల పక్కన, కొండలు మసకబారుతుండగా తిన్నది ఎర్రగడ్డలా లేదు. తండ్రి జీవితంలో మనకు తెలియని గదిలోకి ఎవరో తలుపు ఓరగా తీసి, కొంచెం గాలి వదిలినట్టు ఉంది.

మిగిలినవి మోదుగాకుల్లో చుట్టి, పైన కాగితం చుట్టి ఇచ్చి, డబ్బు ఇవ్వబోతే సాయిబు పళ్ళెం తలకెత్తుకుని నడిచిపోయాడు.

పొట్లాన్ని గుడ్డసంచిలో పెట్టి, సంచి మడిచి చంకలో పెట్టుకున్నాను. ప్రయోజనం లేదు. వాసన నాకంటే ముందు నడిచింది. మా వీధిలోకి తిరిగేసరికి అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలలు తిప్పారు, పాపం మర్యాదస్తులు, నా వైపు కాకుండా ఆకాశం వైపు.

మా అరుగు మీద అవ్వ ఉంది. చూపు సన్నగిల్లినా ఆమె ముక్కుకు వయసు రాలేదు. చంకలో ఏందిరా అని అడిగింది. మందు అన్నాను. ఏం మందు అంది. డాక్టరు చెప్పిందే, అడిగింది పెట్టమన్నాడు కదా, నాయన అడిగింది ఇదే అన్నాను. నుదుట పెట్టిన ఎర్రమన్ను అవ్వకు గుర్తొచ్చిందో ఏమో. తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచి, అరుగు ఆ చివరకు, గాలికి ఎదురుగా పోయి, వీధికి ముఖం పెట్టి కూర్చుంది. మా అవ్వ ఇచ్చిన అనుమతుల్లో నాకు తెలిసి అదే పెద్దది.

నడవలో వెలుతురు గోడెక్కిపోతోంది. అమ్మ జావగ్లాసు పట్టుకుని మంచం దగ్గర నిలబడి ఉంది, ఎప్పట్లాగే. వాసన తగలగానే నన్ను చూసింది. గ్లాసు కింద పెట్టి సంచి తీసుకుంది. పొట్లం విప్పి, లోపలున్నవాటిని చూసింది. నేను స్టేషను సంగతి, సాయిబు సంగతి, పేరు సంగతి లోగొంతుకతో చెప్పాను. నవ్వు వచ్చే చోట నేను కొంచెం ఆగాను. ఆమె నవ్వలేదు. ఇంటి కంచం తీయకుండా, ఆ మోదుగాకునే నాయన పక్కన మంచం మీద పరిచింది.

ముందు నాయన ముక్కుపుటాలు కదిలాయి. తర్వాత కళ్ళు తెరుచుకున్నాయి. ఆకు మీది సమాసాలను చూశాడు, నన్ను చూశాడు, అమ్మను చూశాడు. ఇంక దాచడానికి ఏమీ లేదని తెలిసిన మనిషి ముఖంలో ఎంత శాంతి ఉంటుందో అప్పుడు చూశాను. మంచంపట్టె మీద మోచెయ్యి ఆనించాడు. నేను ముందుకు పోబోతే తల అడ్డంగా ఊపాడు. వెనక్కి, మళ్ళీ ముందుకు, ఎవరి సాయమూ లేకుండా లేచి, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అది అప్పటికి చల్లబడింది. అయినా మూల విరిచినప్పుడు పొర చప్పుడు చేసింది. చాలా కాలం తర్వాత ఆ ఇంట్లో వినబడిన గట్టి చప్పుడు అదే. నాయన కళ్ళు మూసుకుని నమిలాడు. గొంతు కదిలింది. మళ్ళీ విరిచాడు. పొర రజను పంచె మీద, చాప మీద రాలింది. నేను గోడకు జారగిలబడి, ఆ రజను మీద ఆఖరి వెలుతురు పడటం చూస్తూ, వచ్చే వారం కర్నూలు బస్సు గురించి ఆలోచించవచ్చా అని ఆలోచించాను. మొదటిది అయిపోయింది. ఆయన చెయ్యి రెండోదాని మీదికి పోయింది.

అమ్మ చేతిలోకి జావగ్లాసు మళ్ళీ వచ్చింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం పొడిగా ఉంది.

"ఇంతమందిమి సుట్టూ కూసోని పిలిస్తే పలకలేదు మీరు," అంది. "దీనికి లేచినారు."